వస్తానంటే ఎన్నింటికి

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఏమిటో ముందే చెప్పుకుందాం. దొంగలు కాదు, ఉరుములు కాదు, పిల్లకు జ్వరం రావడం కూడా కాదు. "వస్తా" అని చెప్పి గడప దాటిన మనిషి తిరిగి రాకపోవడం.

మూడేళ్ళ కిందట ఒక పొద్దున భర్త అలాగే అన్నాడు. సరుకుల వ్యాను నడిపేవాడు. తాళంచెవి వేలికి తిప్పుకుంటూ, "వస్తా" అన్నాడు. ఆమె మిషను మీద వంగి ఉంది. పెదవుల మధ్య నాలుగు గుండుసూదులు. తల ఎత్తకుండానే "ఊఁ" అంది. సాయంత్రానికి వ్యాను రాలేదు, మనిషీ రాలేదు. ఎవరో ఇద్దరు వచ్చారు, కబురు చెప్పడానికి.

అప్పటినుంచీ ఇంట్లో ఎవరు బయటికి కదిలినా మూడు ప్రశ్నలు. ఎక్కడికి, ఎందుకు, ఎంతసేపు.

"పెరట్లో బట్టలు తీసుకురావాలన్నా హాజరు పట్టీలో సంతకం పెట్టాలమ్మా నేను" అనేది అత్తగారు పక్కింటివాళ్ళతో. కొడుకు పోయాక కోడలిని, మనవరాలిని రెక్కల కింద పెట్టుకున్న మనిషి ఆవిడ. నోరు కత్తెర, చెయ్యి దూది. ఇంటినిండా ఎగురుతూ తిరిగే నాలుగేళ్ళ మనవరాలికి పిచ్చుక అని పేరు పెట్టిందీ ఆవిడే.

ఇంటి ముందుగదే ఆమె దుకాణం. ప్యాంట్లు దించడం, చొక్కాలు బిగించడం, జిప్పులు మార్చడం. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతుంటుంది కాబట్టి వీధి వీధంతా ఆమెను టేపక్క అనే పిలుస్తుంది.

యూనివర్సిటీ వెనక వీధిలో పాత రీడింగ్ హాలు ఒకటుంది. అక్కడ ప్రతి శనివారం నాలుగింటికి కొందరు చుట్టుపక్కల వాళ్ళు చేరి, వేరే దేశాలనుంచి చదువుకోడానికి వచ్చినవాళ్ళతో స్నేహం చేస్తుంటారు. ఒక్కొక్కరికి ఒక్కొక్కరిని అప్పజెపుతారు. కబుర్లు చెప్పడం, మార్కెట్టు చూపించడం, జ్వరమొస్తే క్లినిక్కుకి తీసుకెళ్ళడం, అంతే పని. నడిపేది కండక్టర్ బాబాయ్. బస్సు దిగి రిటైరై ఐదేళ్ళయినా ఆయన నోట్లోంచి బస్సు దిగలేదు.

ఆ శనివారం ఆమె వెళ్ళింది హాలుకి కుట్టిన పరదాలు ఇవ్వడానికే.

"సరిగ్గా టైముకొచ్చావమ్మాయ్. ఒక ప్యాసింజర్ మిగిలిపోయాడు. నీ పేరున టిక్కెట్టు కొట్టేస్తున్నా."

"నాకు ఇంగ్లీషు రాదు బాబాయ్. తొమ్మిదితో ఆపేశారు నన్ను."

"అందుకే నువ్వు కావాలి. మేమంతా అతనితో ఇంగ్లీషులోకి జారిపోతున్నాం. అతనికి కావలసింది మన భాష."

మిగిలిపోయిన ప్యాసింజరు కిటికీ పక్కన లేచి నిలబడ్డాడు. లేస్తూనే ఉన్నాడు, అంత పొడుగు. ప్యాంటు మాత్రం చీలమండకి నాలుగు వేళ్ళు పైన ఆగిపోయింది. ఆమె కళ్ళు మొహం కంటే ముందు అక్కడికే పోయాయి. వృత్తి అలాంటిది.

"నమస్కారము" అన్నాడతను. "తమరు కుశలమే కదా? నేను నదుల నీటిని గురించి పరిశోధన చేయుచున్నాను."

ఆమె తాత కూడా ఇలా మాట్లాడి ఉండడు. అతను వాళ్ళ దేశంలో పాత వ్యాకరణం పుస్తకం ఒకటి సంపాదించి, దాన్ని అట్టనుంచి అట్టదాకా మింగి వచ్చాడని తర్వాత తెలిసింది.

అరగంట మాట్లాడుకున్నారు. ఆమె మాటలు సగం, అతని చేతులు సగం. మబ్బు కమ్ముకొస్తుంటే పిచ్చుక గుర్తొచ్చి ఆమె గొడుగు అందుకుంది.

"సరేనండీ, వస్తాను" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఏడు కావస్తుండగా ఫోను మోగింది.

"అమ్మాయ్, అతనికేం చెప్పావు? హాలుకి తాళం వెయ్యాలంటే సీట్లోంచి లేవట్లేదు. నువ్వొస్తానన్నావట."

వాన దంచుతోంది. పిచ్చుకను చంకనెత్తుకుని, గొడుగు ఎగిరిపోకుండా గడ్డం కింద నొక్కిపెట్టి ఆమె పరుగున వచ్చింది. అతను అదే కుర్చీలో, అదే కిటికీ పక్కన, పరీక్ష రాయడానికి కూర్చున్న పిల్లాడిలా నిటారుగా ఉన్నాడు. ఆమెను చూడగానే మొహం వెలిగింది.

"వచ్చితిరి" అన్నాడు.

"ఇంటికెళ్ళకుండా ఏం చేస్తున్నారండీ ఇక్కడ?"

"తమరు వస్తాను అంటిరి. నేను వేచి ఉంటిని."

"వస్తాను అంటే వెళ్తున్నానని."

అతను కాసేపు ఆలోచించాడు. "వెళ్ళునప్పుడు వస్తాను అందురు. మరి వచ్చునప్పుడు వెళ్తాను అందురా?"

పిచ్చుక కిలకిలా నవ్వింది. ఆమెకూ నవ్వొచ్చింది. మూడేళ్ళలో ఆ మాట విని నవ్వడం అదే మొదటిసారి. తనేదో తప్పు చేసినట్టు అనిపించి నవ్వు మింగేసింది.

"వెళ్తాను అంటే బాగోదండీ. ఇక రామేమో అన్నట్టు ఉంటుంది. అందుకని వస్తానంటాం."

"అట్లయితే అది మాట కాదు, ప్రమాణము" అన్నాడతను చాలా గంభీరంగా. "తప్పు నాది. ఎన్నింటికి వస్తారని అడగవలసినది."

ఆమె పిచ్చుకను చంక మార్చుకుంది. ఆ ప్రశ్న ప్రపంచంలో తానొక్కతే అడుగుతుందనుకుంది ఇన్నాళ్ళూ.

ఆ రోజు హాలు మెట్లమీద విడిపోతూ అతను, "వస్తాను. వచ్చు శనివారము, నాలుగు గంటలకు" అన్నాడు. ఆ శనివారం నాలుగు కొట్టేసరికి హాల్లో ఉన్నాడు.

ఆ తర్వాత ఎప్పుడూ అంతే. వట్టి "వస్తాను" అతని నోట వచ్చేది కాదు. ఏ రోజు, ఎన్ని గంటలకో కూడా చెప్పేవాడు. చెప్పిన గంటకు ఒక నిమిషం ముందో వెనకో దుకాణం గుమ్మంలో వంగి లోపలికొచ్చేవాడు. వంగకపోతే గుమ్మం తగులుతుంది మరి. మొదటి రెండుసార్లూ తగిలింది కూడా.

"అదిగో గ్రంథం వచ్చాడు" అనేది అత్తగారు. ఆ పేరే స్థిరపడిపోయింది.

"మామ్మగారూ, గ్రంథమనగా పుస్తకము కదా?"

"అవును నాయనా. చదివితే అర్థం కాదు, పక్కన పెడితే తోచదు."

ఆమె అతనికి మాట్లాడటం నేర్పింది. "చేయుచున్నాను" కాదు, "చేస్తున్నా." "అంటిని" కాదు, "అన్నాను." మార్కెట్టులో వంకాయలవాడితో "ఈ ఫలములు తాజావియేనా" అని అడిగితే వాడు బుట్ట వదిలేసి నవ్వాడు. అతను మాత్రం చిన్నబుచ్చుకోలేదు. ఇంటికొచ్చి ఆ ముచ్చట తానే అత్తగారికి అభినయించి చూపించాడు, నవ్వినవాడి నవ్వుతో సహా.

పిచ్చుకకి వానను కొలవడం నేర్పాడు. ఖాళీ సీసా మెడ కోసి, తిరగేసి, ఆమె పాత టేపు ముక్కను దానికి అతికించి కిటికీ అంచున నిలబెట్టాడు. వాన వెలిసిందంటే పిల్ల ఎగిరి కూర్చుని, "అమ్మా, ఇవాళ ఇంచీ పావు వాన" అని చెప్పాల్సిందే. ఇంచీలు ఆమె నేర్పింది, వాన అతను నేర్పాడు.

ఇక ప్యాంట్ల సంగతి. అతని ప్యాంట్లన్నీ పొట్టివే. కింది మడత విప్పి, దించి, మళ్ళీ కుట్టి ఇచ్చింది. గోధుమరంగుది ఒకటి రెండు వారాలకి తిరిగొచ్చింది.

"కుట్టు ఊడిపోయిందండీ."

కుట్టింది. మళ్ళీ రెండు వారాలకి వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ.

చిక్కుడుకాయలు వొలుస్తూ అత్తగారు ఓరగా చూసింది. "ఆ ప్యాంటు మన ఇంటికి నాకంటే ఎక్కువ అలవాటు పడింది. పొడుగవుతున్నది ప్యాంటా, మనిషా?"

అతను చెవులదాకా ఎర్రబడి పిచ్చుకతో సీసాలో నీళ్ళు చూడ్డానికి వెళ్ళిపోయాడు.

ఆమె మడత తిప్పి చూసింది. నడకకి అరిగి తెగిన దారానికి కొస పీచులా ఉంటుంది. ఈ దారం కొస నున్నగా ఉంది. బ్లేడుతో కోసింది. ఒక్కో కుట్టూ జాగ్రత్తగా, గుడ్డకి గాటు పడకుండా. గుండుసూదులు నోట్లో ఉన్నాయి కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ నవ్వు అత్తగారి కంట పడేది.

ఆమె ఏమీ అడగలేదు. కుట్టి ఇచ్చేసింది. అతను కాగితం సంచి అందుకుంటూ ఒక్క చూపు చూశాడు. తెలిసిపోయిందా అన్నట్టు. ఆమె టేపు చుట్టుకుంటూ కూర్చుంది, ఏం తెలియాలి అన్నట్టు.

అలా వానాకాలం సగం అయింది. ఒక శనివారం సాయంత్రం గుమ్మంలో ఆగి, "వస్తాను. బుధవారం ఆరింటికి. ఒక సంగతి చెప్పాలి" అన్నాడు. గ్రంథం భాష ఆ ఒక్కరోజు మామూలుగా, తడుముకోకుండా వచ్చింది. ముందే బాగా వల్లెవేసుకొచ్చినట్టుంది.

బుధవారం ఆరయింది.

ఆరుంపావు. ఆమె మిషను మీద పెట్టిన చొక్కాకి కుట్టాల్సిన చోట కాక పక్కన కుట్టింది.

ఆరున్నర. ఫోను చేస్తే స్విచ్ఛాఫ్. కిటికీ అంచున సీసాలో చినుకు మీద చినుకు పడుతోంది.

"పనేదో తగిలుంటుంది" అంది అత్తగారు.

"తగిలితే చెప్తాడు అత్తయ్యా. అతను చెప్పకుండా ఉండడు."

ఏడు. ఇలాంటి సాయంత్రం ఒకటి ఆమెకు తెలుసు. ముందు కోపం వస్తుంది. తర్వాత ప్రతి బండి చప్పుడుకీ చెవి పోతుంది. ఆ తర్వాత చప్పుళ్ళు ఆగిపోతాయి.

అత్తగారు లేచి గొడుగు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. "వెళ్ళి చూసి రా."

"నేను వెళ్ళను."

"ఎందుకు?"

"వెళ్తే ఏం చూడాల్సి వస్తుందో. నావల్ల కాదు."

అత్తగారు కోడలి మెడలోంచి టేపు తీసి కొక్కేనికి తగిలించింది. నెమ్మదిగా అంది. "అప్పుడు మనకి వెళ్ళి చూసే వీలు దొరకలేదే. అంతా అయిపోయాక కబురొచ్చింది. ఇప్పుడు వీలుంది. కాళ్ళున్నాయి, గొడుగుంది. లే. పిల్లని నేను చూసుకుంటా."

అతనుండేది నాలుగు వీధుల అవతల, మూడంతస్తుల అద్దె గదుల ఇంట్లో, పైన. కింద గదివాళ్ళని అడిగితే, "ఏదో నదికి వెళ్ళుంటాడు. రెండు రోజులుగా కనపడలేదు" అన్నారు తలుపు సగమే తీసి.

ఆమె మెట్లెక్కింది. మొదటి అంతస్తు దాటి మలుపు తిరిగేసరికి మెట్లమీద ఒక పెద్ద ఆకారం గోడకి చేరగిలబడి ఉంది. ఒక కాలికి బూటు, రెండో బూటు చేతిలో. పక్కన కాగితం సంచి, అందులో గోధుమరంగు ప్యాంటు.

ఆమె మోకాళ్ళమీద కూర్చుని నుదుటిమీద చెయ్యి వేసింది. కాలిపోతోంది. కాలుతోందంటే మనిషి ఉన్నాడు. ఇంత వేడి ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు తెలియదు.

అతను కళ్ళు తెరిచాడు. "వస్తానంటిని. ఆరు గంటలకు." జ్వరంలో పాత వ్యాకరణం తిరిగొచ్చేసింది. "ఇప్పుడెంత?"

"ఏడు దాటింది."

"మెట్లు... అధికముగా ఉన్నవి."

"ఎన్నాళ్ళయింది ఇలా?"

"సోమవారము నుండి. ఫోనులో చార్జి లేదు. లేచి పెట్టలేకపోతిని."

"సోమవారం నుంచి ఒక్కళ్ళకీ చెప్పకుండా పడుంటారా? ఇంతమంది ఉన్నాం. బాబాయ్ ఉన్నాడు, అత్తయ్య ఉంది, నేనున్నాను. ఒక మనిషిని నాలుగు వీధుల అవతల పెట్టుకుని రెండు రోజులు చూడలేదంటే మాకెలా ఉంటుంది? వస్తానని చెప్పి రాకపోతే ఇక్కడ ఒక మనిషికి ఏమవుతుందో మీకు తెలుసా అసలు?"

తిడుతూనే అతని కాలికి రెండో బూటు తొడిగింది. తిడుతూనే కండక్టర్ బాబాయ్‌కి ఫోను చేసింది. తిడుతూనే ఏడ్చింది.

అతను ఆమె కళ్ళవైపే చూస్తున్నాడు. "తెలుసు. మామ్మగారు చెప్పారు. అందుకే మెట్లు దిగుతున్నాను."

బాబాయ్ కారు తెచ్చాడు. ఇద్దరూ చెరో భుజం పట్టి దింపారు. "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అంటూనే ఉన్నాడాయన, మెట్లమీద వేరే ఎవరూ లేకపోయినా.

క్లినిక్కులో డాక్టరమ్మ సెలైన్ పెట్టి అడిగింది. "జ్వరం సంగతలా ఉంచండి, ఒంట్లో నీళ్ళే లేవు. ఏం చదువుతున్నారు మీరు?"

"నీళ్ళ గురించి" అన్నాడతను.

డాక్టరమ్మ అటు తిరిగి నవ్వుకుంది.

నాలుగు రోజులు అత్తగారు జావ కాచి పంపింది. ఐదో రోజు అతనే నడిచి వచ్చి, గుమ్మంలో వంగి, దుకాణంలో బల్లమీద కూర్చున్నాడు. బయట సన్నగా జల్లు. పిచ్చుక లోపల నిద్రపోతోంది. ఆమె గోధుమరంగు ప్యాంటు కుడుతోంది.

"ఆ కుట్టు దానంతటది ఊడలేదు" అన్నాడు.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మూడోసారి నుంచి. బ్లేడు కోత నాకు తెలీదా."

"మరి చెప్పలేదు."

ఆమె సూది వంకే చూస్తూ అంది. "ఆ తర్వాతనుంచి నేను దూరందూరంగా కుడుతున్నా. మీకు విప్పడం సులువవుతుందని."

జల్లు పెద్దదయింది. అతను నవ్వబోయి, నవ్వలేక, అరచేతులు మోకాళ్ళమీద రుద్దుకున్నాడు.

"బుధవారం చెప్పాలనుకున్నది చెప్పేస్తాను. నా చదువు వచ్చే నెలతో అయిపోతుంది. దేశం విడిచి వెళ్ళి, కొత్త కాగితాలతో మళ్ళీ రావాలి. ఇక్కడి ల్యాబులో ఉద్యోగం ఇస్తామన్నారు. రమ్మంటే వస్తాను. ల్యాబు రమ్మంటే కాదు." ఆగాడు. "మీరు రమ్మంటే."

ఆమె మిషను ఆపింది.

"నేను భయస్తురాలినండీ. మీరు నదికి వెళ్ళినా భయం, మెట్లు దిగినా భయం. రోజుకి పదిసార్లు ఎక్కడున్నారని అడుగుతా. విసుగొస్తుంది మీకు."

"నన్ను ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేక రెండు రోజులు మంచంమీద పడున్నాను" అన్నాడతను. "విసుగు రాదు."

లోపలి గదినుంచి గిన్నె చప్పుడు ఆగిపోయింది. అత్తగారు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఎంతసేపటినుంచి వింటోందో.

ఆమె కంగారుగా లేచింది. "అత్తయ్యా, నేను..."

"కూర్చో." ఆవిడ అతనివైపు తిరిగింది. "చూడు నాయనా. నా కొడుకూ వస్తాననే వెళ్ళాడు. రాలేకపోవడం వాడి తప్పు కాదు. కానీ ఇది వాడికి జవాబు చెప్పలేదని మూడేళ్ళుగా కుములుతోంది. తల ఎత్తలేదని. నాకు చెప్పదు గానీ నాకు తెలీదా." కోడలి తలమీద చెయ్యి వేసింది. "ఒళ్ళు కాలిపోతుంటే మెట్లమీద దేక్కుంటూ వచ్చే మనిషి నువ్వు." కోడలివైపు తిరిగింది. "నువ్వు రమ్మనక్కర్లేదే, నేను రమ్మంటున్నా. ఒక షరతు. నన్నూ మీతోనే ఉంచుకోవాలి. నేనెక్కడికీ వెళ్ళను, నాకు హాజరు పట్టీ ఇక్కడే ఉంది."

ఆమె అత్తగారి నడుం చుట్టేసి ఆ చీర కుచ్చెళ్ళలో మొహం దాచుకుంది. అతను లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, "మామ్మగారూ, తమరు..." అని మొదలుపెట్టాడు.

"మళ్ళీ గ్రంథం తెరిచాడు" అంది ఆవిడ ముక్కు చీదుతూ.

వెళ్ళే రోజు పొద్దున అతను సంచి భుజాన వేసుకుని దుకాణం ముందు నిలబడ్డాడు. ఆమె మిషను దగ్గరుంది. పెదవుల మధ్య గుండుసూదులు.

"వస్తాను" అన్నాడు. "పందొమ్మిదో తారీకు. నాలుగు గంటలకు."

ఆమె మిషను ఆపింది. ఒక్కొక్క సూదీ తీసి సూదుల దిండుకి గుచ్చింది. నాలుగూ. లేచి గుమ్మం దాకా వచ్చి, తల ఎత్తి, అతని మొహం నిండుగా చూసింది.

"మంచిది. వెళ్ళి రండి" అంది.

ఆరు వారాలు. పిచ్చుక సీసాలో ఎన్ని ఇంచీల వాన పడిందో గోడమీద బొగ్గుతో గీతలు గీసింది. అత్తగారు తిట్టలేదు. ఆమె రోజూ భయపడింది. భయం పోయిందని చెబితే అబద్ధమవుతుంది. కానీ దానికి ఇప్పుడొక తారీకు ఉంది.

పందొమ్మిదో తారీకు మూడున్నరకి వాన మొదలైంది. పావుతక్కువ నాలుగుకి కిటికీ దగ్గరున్న పిచ్చుక వెనక్కి తిరిగి పిలిచింది.

"అమ్మా, గ్రంథం అంకుల్ ఎదురు దుకాణం చూరు కింద నించున్నాడు. తడుస్తున్నాడు. లోపలికి రావట్లేదు."

"ఏం చేస్తున్నాడు?"

"వాచీ చూసుకుంటున్నాడు."

ఆమెకు అర్థమైంది. ఇంకా నాలుగు కాలేదు.

అత్తగారు నుదురు కొట్టుకుంది. "దేవుడా, ఈ మనిషికి ముందొచ్చినా మాట తప్పినట్టేనా?"

ఆమె గొడుగు తీసుకోలేదు. టేపు మెడలో ఊగుతుండగానే వానలోకి దిగి, వీధి దాటి, అతని ముందు నిలబడింది.

"పదిహేను నిమిషాలు ఉన్నాయి ఇంకా" అన్నాడతను, గడ్డంనుంచి నీళ్ళు కారుతుంటే.

"ఉండనివ్వండి" అంది ఆమె. "మిగతా దూరం నేను వస్తా."

కథ అయిపోయింది గానీ ఒక్క మాట. మీ వీధిలోనూ దూరంనుంచి వచ్చినవాళ్ళు ఎవరో ఒకరు పై అంతస్తులో ఒక్కళ్ళే ఉంటుంటారు. రెండు రోజులుగా వాళ్ళు కనపడకపోతే ఏ నదికో వెళ్ళుంటారులే అనుకోకండి. పుస్తకం పక్కన పెట్టి, ఆ మెట్లెక్కి ఒకసారి తలుపు తట్టి, చూసి రండి.